పోల్ వర్కర్ చెక్కులో ఈసారి ఫికా కోత: మామగారి క్రెడిట్ల సంగతి

తెనాలివాసి:
అందరికీ నమస్కారం. అమెరికాలో పోల్ వర్కర్‌గా చేసినవాళ్లు గానీ, కౌంటీ పేరోల్ సంగతి తెలిసినవాళ్లు గానీ ఉంటే కాస్త చెప్పండి.

మా మామగారికి 68 ఏళ్లు. తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీ పడేది, ఆ పనంటే ఆయనకి ప్రాణం. ఇక్కడ సిటిజన్‌షిప్ రాగానే ఓటు నమోదు చేయించుకుని, మా కౌంటీలో పోల్ వర్కర్‌గా పేరిచ్చారు. పోయినేడాది చేశారు, ఈ 2025లోనూ చేశారు.

జూన్ ప్రైమరీకి 850 డాలర్ల చెక్కు కోతలేమీ లేకుండా వచ్చింది. నవంబర్‌లో ఎర్లీ ఓటింగ్, ఎన్నికల రోజు కలిపి 1,700 రావాలి. చేతికొచ్చింది 1,504.92. స్టబ్ మీద ఫికా (జీతంలోంచి కోసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు) కింద సోషల్ సెక్యూరిటీ 158.10, మెడికేర్ 36.98 అని ఉంది. 1,700 మీద 7.65 శాతం అంటే 130 చిల్లర కదా, 195 ఎలా పోయింది? పోయినేడాది 2,000 వస్తే ఒక్క సెంటు కూడా కోయలేదు. పొరపాటా, లేక రూల్ మారిందా?

రిచ్‌మండ్_పద్మ:
పొరపాటు కాదండీ. నేను వర్జీనియాలో ఎన్నికల ఆఫీసులో చేస్తాను, ప్రతి నవంబర్‌లోనూ ఈ ఫోన్లు మాకు వస్తూనే ఉంటాయి.

ఎన్నికల పనివాళ్లకి ఫెడరల్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఒక క్యాలెండర్ సంవత్సరంలో ఎన్నికల పనికి ఇచ్చిన మొత్తం ఒక పరిమితి కంటే తక్కువైతే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు రెండూ పట్టక్కర్లేదు. 2024లో ఆ పరిమితి 2,300. 2025లో 2,400. మీ మామగారికి పోయినేడాది 2,000, కాబట్టి కోత లేదు. ఈ ఏడాది 850, 1,700 కలిపి 2,550. పరిమితి దాటారు. దాటితే పైన ఉన్న 150 మీదే కాదు, జనవరి నుంచి ఇచ్చిన మొదటి డాలరు దగ్గర్నుంచీ మొత్తం మీద పన్ను పడుతుంది. జూన్‌లో ఆయన దాటతారో లేదో కౌంటీకి తెలియదు, అందుకే అప్పుడు పట్టలేదు. ఆ బాకీ కూడా నవంబర్ చెక్కులో లాగారు. 2,550 మీద 7.65 శాతం 195.08, లెక్క సరిపోయింది. కౌంటీ కూడా తన వాటాగా అంతే కడుతుంది.

డల్లస్_సుధీర్:
పద్మ గారూ, అంటే 2,399 వస్తే మొత్తం చేతికొస్తుంది, 2,400 వస్తే 183.60 పోయి 2,216.40 మిగులుతుందా? ఒక్క డాలరు ఎక్కువ సంపాదిస్తే ఇంత నష్టమా!

రిచ్‌మండ్_పద్మ:
అవును. మళ్లీ 2,399 చేతికి రావాలంటే సుమారు 2,598 దాకా సంపాదించాలి. ఈ మధ్యలో ఆగినవాళ్లందరికీ తక్కువే.

తెనాలివాసి:
ఇప్పుడు అర్థమైంది. పద్మ గారూ, ధన్యవాదాలు. ఇంకో సంగతి గమనించాను. చివర్లో ఒకరు రాలేదని మామగారిని ఇంకో రోజు రమ్మన్నారు, దానికి 200. ఆ రోజు వెళ్లకపోతే మొత్తం 2,350, కోతే ఉండేది కాదు. వెళ్లినందుకు మిగిలింది 2,354.92. తెల్లవారకముందే వెళ్లి, రాత్రి మెషీన్లకి సీలు వేసి వచ్చిన మనిషికి ఆ రోజుకి మిగిలింది ఐదు డాలర్ల లోపు. ఆయన డబ్బు గురించి ఒక్క మాట కూడా అనలేదు. నాకే మనసొప్పడం లేదు.

పాత_పోల్‌వర్కర్:
తమ్ముడూ, నీ బాధ న్యాయమైందే. కాకపోతే ఆ మినహాయింపునే తప్పుపట్టకు. నేను ఒబామా మొదటి ఎన్నిక నాటి నుంచీ చేస్తున్నాను. మా బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఎవరు? పదహారు, పదిహేడేళ్ల హైస్కూలు పిల్లలు, పెన్షన్ తీసుకుంటున్న పెద్దవాళ్లు. ఏడాదికి ఒకటో రెండో రోజులు. పిల్లకి ఇచ్చే 200లోంచి 15 డాలర్లు కోస్తే ఆ పిల్లకీ లాభం లేదు, సోషల్ సెక్యూరిటీకీ ఒరిగేది లేదు. కౌంటీకి మాత్రం ఒక్కొక్కరి పేర మ్యాచింగ్ (తన వాటా పన్ను) కట్టడం, వేల డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్నుల కాగితాలు) పంపడం. ఈ పనికి మనుషులు దొరకడమే కష్టం.

వీటా_శాస్త్రి:
ఆలస్యంగా చూశాను. నేను పన్నుల సీజన్‌లో వీటా కేంద్రంలో ఉచితంగా రిటర్నులు వేసిపెడుతుంటాను. తెనాలివాసి గారూ, కోత గురించి కంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. మీ మామగారికి సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు (పని చేసి ఆ పన్ను కట్టినందుకు రికార్డులో చేరే పాయింట్లు) ఎన్ని ఉన్నాయి? మెడికేర్ పార్ట్ ఎ, అంటే పెద్దవాళ్ల ఆసుపత్రి బీమా, ఉచితంగా వస్తోందా, ప్రీమియం కడుతున్నారా?

తెనాలివాసి:
శాస్త్రి గారూ, ప్రీమియం మేమే కడుతున్నాం, నెలకి 518. మామగారు ఇక్కడికి వచ్చాక కొన్నేళ్లు ఇండియన్ గ్రోసరీలో చేశారు. మై సోషల్ సెక్యూరిటీ అకౌంట్‌లో 28 క్రెడిట్లు చూపిస్తోంది. 40 కావాలట కదా, ఇక ఈ వయసులో కష్టమని వదిలేశాం.

వీటా_శాస్త్రి:
వదిలేయకండి. 40 ఉంటే పార్ట్ ఎ ఉచితం, నిజమే. కానీ 30 దగ్గర ఇంకో మెట్టు ఉంది. 30 నుంచి 39 క్రెడిట్ల మధ్య ఉన్నవాళ్లకి ప్రీమియం తగ్గుతుంది. 2025లో 518 బదులు 285. 2026లో 565 బదులు 311. అంటే వచ్చే ఏడాది లెక్కన నెలకి 254 తేడా, సంవత్సరానికి 3,048.

ఇక క్రెడిట్ ఎలా వస్తుందంటే, 1978 నుంచి ఏ మూడు నెలల్లో సంపాదించారన్నది చూడరు, ఏడాది మొత్తం చూస్తారు. 2024లో 1,730 డాలర్లకి ఒక క్రెడిట్. 2025లో 1,810కి ఒకటి. ఏడాదికి నాలుగే గరిష్ఠం. కానీ లెక్కలోకి వచ్చేది ఫికా గానీ, సొంత పనికైతే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను గానీ పడిన సంపాదన మాత్రమే.

ఈ ఏడాది 2,550 మీద ఫికా కట్టారు కాబట్టి ఒక క్రెడిట్ వస్తుంది. 28 కాస్తా 29. ఇప్పుడు పోయినేడాది చూడండి. 2,000 వచ్చింది. ఒక క్రెడిట్‌కి కావలసిన 1,730 కంటే ఎక్కువే. కానీ 2,300 పరిమితి లోపు కాబట్టి ఫికా పట్టలేదు, క్రెడిట్ రాలేదు. పట్టి ఉంటే 153 డాలర్లు పోయేవి, కానీ ఈపాటికి ఆయనకి 30 పూర్తయ్యేవి.

తెనాలివాసి:
శాస్త్రి గారూ, ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. కోశారని నేను బాధపడుతున్న సొమ్మే ఆయనకి పనికొచ్చిందన్నమాట. మిగిలిందని సంతోషించిన పోయినేడాదే నష్టం. ఆ 2024 పన్ను ఇప్పుడు కట్టేస్తామంటే తీసుకుంటారా?

వీటా_శాస్త్రి:
తీసుకోరు. ఇది మనిషి ఎంచుకునే విషయం కాదు. చట్టం ప్రకారం ఆ పనికి సోషల్ సెక్యూరిటీ కవరేజీయే లేదు. కవరేజీ లేని పనికి స్వచ్ఛందంగా కట్టి క్రెడిట్ తెచ్చుకునే దారి లేదు.

ఈ విషయంలో నాకు ఎంతోకాలంగా ఒక ఆవేదన ఉంది, కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను. రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులు మొదట్లో సోషల్ సెక్యూరిటీలో లేరు. 1950 సవరణలతో చట్టంలోకి 218వ సెక్షన్ వచ్చింది, రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని తమ ఉద్యోగులని చేర్చుకోవచ్చంది. 1968 నుంచి, ఎన్నికల పనికి మూడు నెలల్లో 50 డాలర్ల కంటే తక్కువ వచ్చేవాళ్లని ఆ ఒప్పందంలోంచి వదిలేయవచ్చన్నారు. 1978లో దాన్ని ఏడాదికి 100 చేశారు. 1994 చట్టంతో, 1995 జనవరి నుంచి ఒక్కసారిగా 1,000. 2000 నుంచి దేశంలో సగటు వేతనాన్ని బట్టి, వందల్లోకి సర్ది, పెరుగుతోంది. ఒప్పందం లేనిచోట, రిటైర్‌మెంట్ పథకం లేని ఉద్యోగులని 1991 జులై నుంచి తప్పనిసరిగా చేర్చారు. అక్కడా ఎన్నికల పనివాళ్లకి ఇదే మినహాయింపు ఉంది.

వీటి పక్కన క్రెడిట్ ధర పెట్టి చూడండి. 1978లో క్రెడిట్‌కి 250 కావాలి, మినహాయింపు 100 లోపు. 1994లో క్రెడిట్‌కి 620, మినహాయింపు ఇంకా 100 లోపే. అంటే మినహాయింపులో పడినవాడు ఆ పనితో ఎలాగూ ఒక క్రెడిట్ తెచ్చుకోలేడు, పోయేది దాదాపు ఏమీ లేదు. 1995లో క్రెడిట్‌కి 630, మినహాయింపు 1,000 లోపు. లెక్క తలకిందులైంది. 630 నుంచి 999 దాకా సంపాదించినవాడు, ఒక క్రెడిట్‌కి సరిపడా పనిచేసి కూడా క్రెడిట్ లేకుండా మిగిలాడు. ఈ ఏడాది ఆ ఖాళీ 1,810 నుంచి 2,399 దాకా. ఈ 30 ఏళ్లుగా అది మూసుకోలేదు.

ఎవరు పడతారు ఇందులో? జీవితమంతా ఇక్కడే ఉద్యోగం చేసి 40 ఎప్పుడో దాటినవాళ్లకి దీంతో పనిలేదు. పిల్లలకి ముందు బోలెడంత కాలం ఉంది. పడేది పెద్దవయసులో వచ్చిన మన అమ్మానాన్నల్లాంటివాళ్లు. వాళ్లకి ఒక్కొక్క క్రెడిట్టూ విలువైనదే.

కొత్త_ఓటరు:
నేను హైస్కూల్లో ఉన్నప్పుడు స్టూడెంట్ పోల్ వర్కర్‌గా చేశాను, ఈ ఏడాది మొదటిసారి ఓటేశాను. నాకు ఏ కాగితమూ రాలేదు. అంటే ఆ డబ్బు పన్ను లెక్కలో చూపించక్కర్లేదా? తెలుగు టైపింగ్ ఇంకా నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి.

రిచ్‌మండ్_పద్మ:
చక్కగా రాశావమ్మా. ఫికా వేరు, ఆదాయపు పన్ను వేరు. ఆ డబ్బు ఆదాయమే. నువ్వు రిటర్ను వేస్తుంటే చూపించాలి. ఫికా పట్టనప్పుడు 600 లోపు ఉంటే కౌంటీ డబ్ల్యూ-2 ఇవ్వక్కర్లేదు (2025 వరకూ వచ్చిన సొమ్ముకి ఇదే లెక్క), అందుకే నీకు రాలేదు. ఫికా పడితే మాత్రం ఎంత చిన్న మొత్తమైనా డబ్ల్యూ-2 రావాలి. ఎన్నికల పని సొమ్ములోంచి ఆదాయపు పన్ను ముందుగా పట్టాల్సిన పనిలేదు, కావాలంటే అడిగి పట్టించుకోవచ్చు.

ఫ్రీమాంట్_లక్ష్మి:
పద్మక్కా, మా అమ్మకి ఒకసారి డబ్ల్యూ-2 బదులు 1099 (కాంట్రాక్టర్లకి ఇచ్చే కాగితం) వచ్చింది. ఆవిడ గ్రీన్ కార్డు మీద ఉంది. కాలిఫోర్నియాలో 2013 చట్టంతో గ్రీన్ కార్డు వాళ్లు కూడా పోల్ వర్కర్లుగా చెయ్యొచ్చు, మిగతా చోట్ల చాలావరకు నమోదైన ఓటరే కావాలి. ఆ 1099 సరైనదేనా?

రిచ్‌మండ్_పద్మ:
సరైంది కాదు లక్ష్మీ. పోల్ వర్కర్ కౌంటీకి ఉద్యోగి కిందే లెక్క, కాంట్రాక్టరు కాదు. కౌంటీని అడిగి మార్పించుకోండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని సొంత వ్యాపారం ఆదాయం అనుకుని సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను వేసే ప్రమాదం ఉంది.

శాస్త్రి గారూ, మీరు చెప్పిన చరిత్ర కొంత నాకూ కొత్తే. కానీ ఆఫీసు వైపు నుంచి కూడా చెప్పాలి. పరిమితి 100 ఉన్న రోజుల్లో రెండు ఎన్నికలకి వచ్చినవాళ్లంతా దాటిపోయేవాళ్లు. ఏడాదికి మూడు రోజులు వచ్చే మనిషి పేర పన్ను పట్టి, మ్యాచింగ్ కట్టి, రిపోర్టు చేయడం చిన్న కౌంటీలకి మోయలేని పని. పరిమితి పెంచడం వల్ల మాలాంటి ఆఫీసులు ఊపిరి పీల్చుకున్నాయి. అప్పటికి ఎర్లీ ఓటింగ్ ఇంతగా లేదు. ఇప్పుడు మా దగ్గర 45 రోజులు, న్యూయార్క్, న్యూజెర్సీల్లో తొమ్మిది రోజులు. ఒకే మనిషి రెండు, మూడు వారాలు కూర్చుంటున్నాడు. ఒక్కరోజు పనివాళ్ల కోసం రాసిన రూలు, వారాల తరబడి చేసేవాళ్ల మీద పడుతోంది.

డల్లస్_సుధీర్:
మరైతే కావాలన్నవాళ్లని కట్టనివ్వచ్చు కదా? ఫారం మీద ఒక టిక్కు పెడితే పోయేది.

రిచ్‌మండ్_పద్మ:
చెప్పినంత తేలిక కాదు. టిక్కు పెట్టినవాళ్ల కోసం కౌంటీ కూడా మ్యాచింగ్ కట్టాలి. పనివాడి ఇష్టాన్ని బట్టి కౌంటీ ఖర్చు మారుతుందంటే బడ్జెట్ వేయలేం. పైగా టిక్కు పెట్టేవాళ్లని పిలవడం తగ్గించే ఆఫీసులు కూడా ఉంటాయి, ఆ మాట చెప్పక తప్పదు.

వీటా_శాస్త్రి:
పద్మగారి మాట ఒప్పుకుంటాను. నేను కోరేది టిక్కు కాదు. పరిమితిని క్రెడిట్ ధరకి కట్టేయాలి. 2026లో క్రెడిట్‌కి 1,890 కావాలి, మినహాయింపు 2,500 లోపు. రెండూ 1,890 దగ్గరే ఉంటే, ఒకటి రెండు రోజులు వచ్చే పిల్లలకి, పెద్దలకి కోత ఉండదు, కౌంటీకి కాగితాల పని పెరిగేదీ కొద్దిమందికే. కోత పడిన ప్రతివాడికీ క్రెడిట్ ఉంటుంది, క్రెడిట్‌కి సరిపడా చేసిన ఏ ఒక్కరూ ఖాళీ చేతులతో వెళ్లరు. రెండు అంకెలూ సగటు వేతనాన్ని బట్టే పెరుగుతాయి కాబట్టి కలిపి నడపడానికి అడ్డేమీ లేదు.

పాత_పోల్‌వర్కర్:
శాస్త్రి గారూ, అలా అయితే నాకు అభ్యంతరం లేదు. నేను మా బల్ల దగ్గరి పిల్లల్ని తలుచుకుని అన్నాను. ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్ల సంగతి నిజంగా తట్టలేదు.

ఒక సూచన. మాకు ఒకసారి నవంబర్ పని డబ్బు జనవరిలో వచ్చింది. లెక్క డబ్బు ఇచ్చిన తేదీని బట్టే, పని చేసిన తేదీని బట్టి కాదు. కాబట్టి చెక్కు మీద తేదీ చూసుకోవాలి. శిక్షణకి ఇచ్చేది కూడా కలుస్తుంది. లెక్క చూపించి తీసుకున్న మైలేజీ కలవదు.

ఫ్రీమాంట్_లక్ష్మి:
ఇంకో చిక్కు కూడా ఉంది. పరిమితి అన్ని రాష్ట్రాల్లో ఒకటే అనుకోవద్దు. 218 ఒప్పందంలో ఎన్నికల పనివాళ్లని వదలకుండా కవర్ చేసి ఉంటే, లేదా పాత తక్కువ పరిమితే రాసుకుని ఉంటే, అక్కడ అదే చెల్లుతుంది. ప్రతి రాష్ట్రానికీ ఒక స్టేట్ సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేటర్ ఉంటారు, ఒప్పందంలో ఏముందో వాళ్లు చెబుతారు.

వీటా_శాస్త్రి:
లక్ష్మి గారు మంచి మాట చెప్పారు. తెనాలివాసి గారూ, ఇక మీ మామగారి సంగతి.

ఆయనకి కావలసింది ఇంకొక్క క్రెడిట్. 2026లో దాన్ని ఎన్నికల పని మీద పెట్టుకోకండి. 2,300 వచ్చి ఆగిపోతే మళ్లీ సున్నా. అదే పాత గ్రోసరీలో చేస్తే ఫికా మొదటి డాలరు నుంచే పడుతుంది, 1,890 రాగానే 30వ క్రెడిట్. లేదా పిల్లలకి ట్యూషన్ చెప్పి ఫీజు తీసుకుంటే, ఖర్చులు పోగా వచ్చిన ఆదాయం మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను కట్టి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. పన్ను 15.3 శాతం, రెండు వాటాలూ తనే కట్టాలి. నిజంగా చేసిన పని, నిజంగా తీసుకున్న ఫీజే చూపించాలి, క్రెడిట్ కోసం కాగితం మీద సృష్టించకూడదు. కౌంటీలోనే లైబ్రరీ వంటి చోట పార్ట్ టైమ్ చూస్తే, అక్కడ సోషల్ సెక్యూరిటీ పడుతుందా లేదా ముందే అడగండి. కొన్నిచోట్ల దాని బదులు వేరే పొదుపు పథకంలో వేస్తారు, దానికి సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు రావు.

ఇంకొకటి. మీ అత్తగారికి ఎన్ని క్రెడిట్లు ఉన్నాయి? ఆవిడకి 40 ఉండి, 62 నిండి ఉంటే, ఆవిడ రికార్డు మీదే మామగారికి పార్ట్ ఎ ఉచితంగా వస్తుంది. పిల్లల రికార్డు మీద మాత్రం రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

తెనాలివాసి:
అత్తయ్య ఇక్కడ ఎప్పుడూ ఉద్యోగం చేయలేదండీ. మా మరదలి పిల్లల ఆలనాపాలనా అంతా ఆవిడే చూశారు, దానికి క్రెడిట్లు ఎవరిస్తారు!

మీరందరూ చెప్పింది రాత్రి మామగారికి చదివి వినిపించాను. ఆ 200 రోజు సంగతి చెబితే, ‘నేను వెళ్లకపోతే ఆ బూత్ ఇద్దరితో నడిచేది’ అన్నారు, అంతే. 2026 మిడ్‌టర్మ్స్‌కి ఇప్పటికే పేరిచ్చేశారట. గ్రోసరీ ఓనర్‌తో జనవరి నుంచి శని, ఆదివారాలు వస్తానని తనే ఫోన్‌లో మాట్లాడుకున్నారు.

శాస్త్రి గారూ, చివరి ప్రశ్న. 29వ క్రెడిట్ అకౌంట్‌లో ఎప్పుడు కనిపిస్తుంది? కనిపించకపోతే ఏం చేయాలి?

వీటా_శాస్త్రి:
కౌంటీ డబ్ల్యూ-2 జనవరి నెలాఖరుకి ఇవ్వాలి. అందులో 3వ పెట్టెలో, 5వ పెట్టెలో 2,550 ఉందో లేదో చూడండి. 1వ పెట్టెలో ఒక్కదాన్లోనే ఉంటే వెంటనే కౌంటీకి చెప్పండి, పన్ను పట్టి రిపోర్టు చేయకపోతే క్రెడిట్ ఎక్కదు. అకౌంట్‌లోకి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. రికార్డు దిద్దించుకోవడానికి మామూలు గడువు మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజులు, కాబట్టి నవంబర్ చెక్కు స్టబ్ పారేయకండి. 30 పూర్తయ్యాక ప్రీమియం తగ్గిందో లేదో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి, వాళ్లంతట వాళ్లు మారుస్తారని ఎదురుచూడకండి.

రిచ్‌మండ్_పద్మ:
తెనాలివాసి గారూ, ఇంకో చిన్న మాట. ఎన్నికల ఆఫీసుకి మామగారి తరఫున ముందే ఒక ఈమెయిల్ పెట్టండి, ఈ ఏడాది ఇప్పటిదాకా ఎంత ఇచ్చారో ప్రతి ఎన్నికకి ముందూ చెప్పమని. మా దగ్గర అడిగినవాళ్లకి చెబుతాం. మీ దగ్గరా చెప్పాలి.

ఫ్రీమాంట్_లక్ష్మి:
మా నాన్నగారి క్రెడిట్లు ఇప్పుడే చూశాను. 37 ఉన్నాయి. నేను వేరే థ్రెడ్ పెడుతున్నాను శాస్త్రి గారూ, దయచేసి చూడండి.